గుజ్జు అరిగిందన్న మాట

గత సంక్రాంతికి మా ఊరు వెళ్లినప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ, ఆమె అరికాళ్లు మెత్తబడ్డాయని గమనించాను. పొందూరుకు దగ్గరలోని ఆ ఊళ్లో సుమారు యాభై ఏళ్లపాటు గట్ల మీద, కల్లాల్లో, ఉభాల బురదలో చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలవి. నా చిన్నప్పుడు ఆమె చాప మీద కాళ్లు చాపి కూర్చుంటే మడమ రాసుకున్న చోట చాప ఈనెలు లేచేవి. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత కాయ ఉండేది. ముల్లు గుచ్చుకున్నా ఆ కాయ దాటి లోపలికి దిగేది కాదు. ఇప్పుడా కాయ జాడ లేదు. పగుళ్లు పూడిపోయి, చర్మం పలచబడి, లేతగా అయింది. పక్కనే కూర్చున్న మా మరదలు ఎంతో సంతోషంగా, “సూడండి వదినా, అత్త కాళ్లు సంటిపిల్ల కాళ్లలాగ అయిపోనాయి” అంది. అత్తకు ఇన్నాళ్లకైనా విశ్రాంతి దొరికిందన్నదే ఆ అమ్మాయి సంతోషం. నాకు మాత్రం ఆ మెత్తదనం చూసి భయం వేసింది.

అంతకు ఎనిమిది నెలల ముందు అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూసి, “గుజ్జు అరిగిపోయిందమ్మా, ఈ వయసుకు మామూలే. కింద కూర్చోవద్దు, మెట్లెక్కవద్దు, నడక తగ్గించు” అని చెప్పి మాత్రలు రాశారు. బయట అప్పటికి ముప్పై మంది వేచి ఉన్నారు, కాబట్టి ఆ రెండు నిమిషాలకు నేను ఆయనను తప్పుపట్టను. తిరుగు ప్రయాణంలో బస్సు ఆమదాలవలస దాటేదాకా అమ్మ ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఎంతో ఆలోచించి తేల్చుకున్నదానిలా, “అరిగిపోనాదంటే ఇంకేటి సేత్తాం అమ్మీ. మిగిలిన గుజ్జునైనా దాసుకోవాల” అంది.

ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. విన్న మాటను బట్టి చూస్తే అమ్మ తర్కంలో లోపం లేదు. అరిగిపోయే వస్తువు ఏదైనా వాడకంతోనే అరుగుతుంది; వాడకం తగ్గిస్తే మిగిలినది ఎక్కువ కాలం వస్తుంది. సబ్బుబిళ్లకూ, రుబ్బురోలుకూ, చెప్పులకూ వర్తించే న్యాయాన్నే ఆమె తన మోకాలికి వర్తింపజేసుకుంది. ఆ రోజు నుంచి చెరువుగట్టు వైపు వెళ్లడం మానేసింది, గేదెలను మరదలికి అప్పగించింది, మంచం నుంచి అరుగుకు, అరుగు నుంచి మంచానికి తప్ప నడవలేదు. ఎనిమిది నెలల్లో నొప్పి తగ్గకపోగా పెరిగింది. తొడ కండలు కరిగిపోయి, లేచి నిలబడటానికి గోడ పట్టుకోవలసిన స్థితి వచ్చింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: “గుజ్జు అరిగింది” అన్న మాటలో నిజం కొంతే ఉంది, దానివల్ల జరిగే కీడు మాత్రం చాలా ఉంది, వైద్యులూ, నాలాంటి ఉపాధ్యాయులూ, ఇంట్లో పెద్దలూ దాన్ని వదిలిపెట్టాలి.

తలుపు బందు చూపించి నేర్పిన పాఠం

ముందుగా నా వంతు చెప్పుకోవాలి. విజయనగరంలో ఉన్నత పాఠశాల పిల్లలకు నేను ఇరవై నాలుగేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. కీళ్ల పాఠం వచ్చినప్పుడల్లా బంతిగిన్నె కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అని బోర్డు మీద రాసి, మడతబందు కీలు దగ్గరికి రాగానే తరగతి గది తలుపు తెరిచి మూసి చూపించేదాన్ని. పిల్లలకు అది వెంటనే అర్థమయ్యేది. ఒకసారి ఎవరో పిల్లవాడు, “మరి తలుపు బందు తుప్పు పడితే నూనె వేస్తాం కదా, మోకాలికి ఏం వేస్తారు టీచర్?” అని అడిగితే, కీలులో సైనోవియల్ ద్రవమనే నూనె ముందే ఉంటుందని మెచ్చుకోలుగా జవాబు చెప్పాను. ఆ జవాబుతో, మోకాలు ఒక ఇనుప సామానన్న భావాన్ని ఆ తరగతిలోని నలభై మందికీ నా చేతులతో నేనే గట్టిపరిచాను.

ప్రయోగశాలలో వేలాడే అస్థిపంజరం కూడా ఇందుకు తోడైంది. 206 ఎముకలు లెక్కపెట్టించడానికి అది బాగానే పనికివస్తుంది. కాని పుట్టిన బిడ్డలో సుమారు 300 దాకా ఉండే ఎముకలు పెరిగే క్రమంలో ఒకదానితో ఒకటి అతుక్కొని 206 అవుతాయని చెప్పినప్పుడు, ఆ అతుక్కోవడం ఎలాంటిదో ఎండిన ఎముక చూపించలేదు. బతికున్న ఎముక తెల్లగా, పొడిగా ఉండదు. అది తడిగా, రక్తనాళాలతో, పై పొరలో నరాలతో ఉంటుంది. తొడ ఎముక, కటి ఎముకల వంటి వాటి లోపల మజ్జ నిరంతరం రక్తకణాలను తయారుచేస్తూ ఉంటుంది. పాత ఎముకను కరిగించే కణాలు ఒకవైపు, కొత్త ఎముకను పోసే కణాలు మరొకవైపు రాత్రింబగళ్లు పనిచేయడం వల్ల, పెద్దవాళ్లలో ఏటా దాదాపు పదో వంతు ఎముక కొత్తదవుతుంది. పదేళ్ల క్రితం అమ్మ శరీరంలో ఉన్న ఎముక చాలావరకు ఈ రోజు ఆమెలో లేదు.

చచ్చిన ఎముకకూ బతికున్న ఎముకకూ ఉన్న తేడాను మా ఊరి వైపు వాళ్లకు వివరించడానికి దూరం వెళ్లనవసరం లేదు. పొందూరు ఖద్దరుకు పత్తిని శుభ్రం చేసేటప్పుడు వాలుగ చేప దవడతో దువ్వుతారు. మా నాయనమ్మ దగ్గర అలాంటి దవడ ఒకటి ఉండేది. దాని సన్నని పళ్ల వరుస మధ్య పత్తి పోగులు నిటారుగా సర్దుకుంటుంటే చూడటం నాకు ఇష్టం. ఆ దవడ వాడేకొద్దీ నున్నగా అయ్యేది, పళ్లు మొద్దుబారేవి, చివరకు మార్చవలసి వచ్చేది. అది నిజమైన అరుగుదల, ఎందుకంటే దాన్ని తిరిగి కట్టే కణం అందులో ఒక్కటీ లేదు. అదే దవడ చేప నోట్లో ఉన్నన్నాళ్లూ దాన్ని మరమ్మతు చేసే పనివాళ్లు లోపలే ఉన్నారు. దవడ ఒకటే అయినా, ఒకచోట దాని వెనుక ప్రాణం ఉంది, మరొకచోట లేదు. మనం మోకాలిని గురించి మాట్లాడేటప్పుడు నాయనమ్మ చేతిలోని దవడను గురించి మాట్లాడినట్టే మాట్లాడుతున్నాం.

కాయ కాయడం

తెలుగులో “కాళ్లరిగేలా తిరిగాను” అంటాం. నిజానికి అలా తిరిగినప్పుడు అరిగేది చెప్పు. కాలు కాయ కాస్తుంది. కష్టం చేసిన చేతిని చూసి “కాయలు కాసింది” అనడంలో మన పూర్వుల పరిశీలన ఎంత సూక్ష్మమైనదో పాఠం చెప్పిన ఇన్నేళ్లకు గాని నాకు తట్టలేదు. రుద్దితే రాయి తరుగుతుంది, కట్టె తరుగుతుంది, తోలుచెప్పు తరుగుతుంది. అదే తోలు బతికున్నప్పుడు, రుద్దిన చోటే మందమవుతుంది.

ఇది జరిగే తీరు ఉపకళా కణజాలం, అంటే శరీరాన్ని పైనా, అవయవాలను లోపలా కప్పి ఉండే కణాల పొర, పాఠంలో ఉంది. బాహ్యచర్మం అనేక వరుసల ఉపకళా కణాలతో ఏర్పడింది. అన్నిటికన్నా అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ ఉంటాయి. కొత్తగా పుట్టిన కణాలు పాతవాటిని పైకి నెడతాయి. పైకి పోయేకొద్దీ ఆ కణాలు గట్టి ప్రోటీన్ అయిన కెరాటిన్‌తో నిండి, చదునై, కేంద్రకాన్ని పోగొట్టుకొని, చివరకు పొట్టులాగా రాలిపోతాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలడానికి ఇంచుమించు నెల రోజులు పడుతుంది. ఒకే చోట పదే పదే రాపిడి జరిగితే అడుగు వరుస తన వేగాన్ని పెంచుతుంది, పై పొర మందమవుతుంది, అదే కాయ. రాపిడి ఆగిపోతే, అవసరం లేని మందాన్ని శరీరం పోషించదు. కనురెప్ప మీద బాహ్యచర్మం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే ఉంటే, అరికాలిలో ఒక మిల్లీమీటరుకు పైగా ఉండటం పుట్టుకతోనే వచ్చిన ఏర్పాటు. అమ్మ బొటనవేలి కింది కాయ మాత్రం ఆమె నడకే ఆమెకు సంపాదించి పెట్టింది.

తిన్నది “అరగడం” అన్నప్పుడు కూడా మనం ఇదే క్రియను వాడతాం. ఆలోచిస్తే అక్కడా ఇదే కథ. జీర్ణాశయంలో అన్నాన్ని అరగదీసే ఆమ్లం జీర్ణాశయపు గోడను అరగదీయకుండా, ఆ గోడకు లోపలి పూతగా ఉన్న ఉపకళ జిగురు స్రవిస్తూ, కొద్ది రోజులకొకసారి తనను తాను మార్చుకుంటుంది. కష్టమైన చోట వేగంగా కొత్తబడటం ఉపకళకు సహజగుణం.

ఎముకలో ఈ మార్పు ఇంత వేగంగా జరగదు గాని, నియమం దాదాపు అదే. బరువు పడే తీరును బట్టి ఎముక లోపలి నిర్మాణం మారుతుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకం ప్రచురించాడు. టెన్నిస్ ఆటగాళ్లలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుంది. బరువే తెలియని అంతరిక్షంలో గడిపే వ్యోమగాములకు తుంటి భాగంలో ఎముక సాంద్రత నెలకు సుమారు ఒక శాతం, ఒక్కొక్కప్పుడు ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది. వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో వ్యాయామం నేర్పి, చివరకు ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు, మొదటి రోజునే ఏనుగును మోయలేదని, శరీరానికి బరువు అలవాటు చేస్తూ పోయారని నేను తప్పకుండా చెబుతాను.

కాబట్టి సంక్రాంతి నాడు అమ్మ అరికాలి మెత్తదనం నన్ను భయపెట్టడానికి కారణం ఇది: కంటికి కనిపించే చర్మం వాడకం లేక ఇంతగా పలచబడితే, కంటికి కనిపించని తొడకండలూ, తొడ ఎముకా, మోకాలి లోపలి పొరా ఈ ఎనిమిది నెలల్లో ఏమై ఉంటాయి?

మృదులాస్థి విషయంలో నా సందేహం

ఇంతవరకు చెప్పినదానికి తెలిసినవారు ఎవరైనా ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. చర్మం సంగతి వేరు, మృదులాస్థి సంగతి వేరు. జనం గుజ్జు అనేది మృదులాస్థినే. ఎముకల చివర్లను కప్పి ఉండే ఈ నున్నని పొర మోకాలిలో చాలాచోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. బాహ్యచర్మానికి లాగే దీనికీ రక్తనాళాలు లేవు. కాని బాహ్యచర్మంలో అడుగు వరుస నిండా విభజన చెందే కణాలు ఉంటే, మృదులాస్థిలో అక్కడొకటి ఇక్కడొకటిగా విసిరేసినట్టు కొద్ది కణాలు మాత్రమే ఉంటాయి, మిగిలినదంతా నీరూ, పీచూ. గాయమైతే పూడ్చుకొనే శక్తి దానికి బహు తక్కువ. ఒకసారి నాశనమైన మృదులాస్థి తిరిగి కోలుకోదని 1743లోనే విలియం హంటర్ అనే వైద్యుడు రాశాడు. దాదాపు మూడు వందల ఏళ్లు గడిచినా ఆ మాటను పూర్తిగా కొట్టివేసే చికిత్స రాలేదు. మరి “అరిగింది” అంటే తప్పేమిటి?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. అరికాలిని చూసి మోకాలిని గురించి తీర్పు చెప్పడం తొందరపాటేమోనని కూడా అనిపించింది. చదివి, ఆలోచించి, ఫిజియోథెరపీ చేసేవారిని అడిగి తెలుసుకున్న మీదట, పొర పలచబడటం నిజమే గాని అది పలచబడే తీరు చెప్పు అరిగే తీరు కాదన్న నిశ్చయానికి వచ్చాను.

రక్తనాళాలు లేని మృదులాస్థికి ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది? కీలు చుట్టూ ఉన్న సన్నని పొర స్రవించే ద్రవం నుంచే. (ఈ పొర చూడటానికి ఉపకళలాగే ఉంటుంది గాని, ఉపకళకు ఉండవలసిన ఆధారపు పొర దీనికి లేదు, కాబట్టి ఇది అసలైన ఉపకళ కాదు. ఈ తేడాను తరగతిలో నేనెప్పుడూ చెప్పలేదు.) ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఆ ద్రవం ఒక చిన్న చెంచాడు కూడా ఉండదు. కాలు నేల మీద ఆనినప్పుడు మృదులాస్థి నొక్కుకొని, తనలోని నీటినీ వ్యర్థాలనూ బయటికి వదులుతుంది. కాలు ఎత్తినప్పుడు ఉబ్బి, ఆహారంతో ఉన్న ద్రవాన్ని లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లలో స్పాంజిని నొక్కి వదిలినట్టే. నడక ఆగితే ఈ పీల్చుకోవడం మందగిస్తుంది. నడక వల్ల గుజ్జు ఖర్చవుతుందని అమ్మ అనుకుంది. నడవకపోవడం వల్ల దాన్ని పస్తు పెట్టిందన్నదే అసలు నిజం.

పైగా మృదులాస్థిలో నరాలు లేవు. అది పలచబడినంత మాత్రాన నొప్పి పుట్టదు. నొప్పి దాని కింది ఎముక నుంచో, వాచిన పొర నుంచో, కీలును పట్టి ఉంచే బంధనాల నుంచో, బలహీనపడ్డ కండరాల నుంచో వస్తుంది. ఎక్స్‌రేలో అసలు మృదులాస్థి కనిపించనే కనిపించదు. రెండు ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి అంచనా వేస్తారు. అందుకే ఎక్స్‌రేలో సందు బాగా తగ్గినా హాయిగా నడిచేవారు ఉన్నారు, ఎక్స్‌రే బాగానే ఉన్నా నొప్పితో బాధపడేవారు ఉన్నారు. ఈ జబ్బు ఒక్క గుజ్జుది కాదు, ఎముక, పొర, బంధనం, కండరం కలిసిన మొత్తం కీలుదని ఈనాటి వైద్యశాస్త్రం చెబుతోంది, మోకాలి నొప్పికి మొదటి చికిత్సగా వ్యాయామాన్నే సూచిస్తోంది. “గుజ్జు అరిగింది” అన్న మాటలో ఈ మొత్తానికి చోటు లేదు. ఒక పొర, ఒక తరుగు, అంతే.

వాడకం ఒక్కటే సరిపోదు

అయితే “ఎంత వాడితే అంత మంచిది” అని నేను అంటే అది మరో అబద్ధమవుతుంది. గంటల తరబడి గొంతుకు కూర్చొని చేసే పనులూ, మోకాళ్ల మీద ఒంగి బరువులెత్తే పనులూ మోకాలి జబ్బును పెంచుతాయన్నది నిజం. ఉల్లాసం కోసం పరుగెత్తేవారి మోకాళ్లు ఏమీ చేయనివారి మోకాళ్ల కన్నా మెరుగ్గా ఉంటాయి గాని, పోటీల కోసం ఏళ్ల తరబడి పరుగెత్తేవారికి ఆ భరోసా లేదు. అమ్మ చేసిన ఉభాలు, కోతలు, కుప్పనూర్పిళ్లు ఏవీ ఉల్లాసం కోసం చేసినవి కావు. ఆమె మోకాలిలో సందు తగ్గడానికి ఆ పనుల వంతు ఉండే ఉంటుంది. దాన్ని కాదనడం ఆమె జీవితాన్ని కాదనడమే అవుతుంది.

చర్మం కూడా అన్నిటికీ కాయ కాసి ఊరుకోదు. పలాసలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూసినవారికి ఇది తెలుసు. జీడిపిక్క తొక్కులోని నూనె చర్మాన్ని మందం చేయదు, కాల్చి పొరలు ఊడదీస్తుంది. రాపిడికి జవాబు చెప్పగల ఉపకళ ఆ నూనెకు జవాబు చెప్పలేదు.

దీనికన్నా నన్ను ఎక్కువగా కదిలించినది మా పెదనాన్న సంగతి. తుంటి ఎముక విరిగి మంచాన పడినప్పుడు, కదిపితే ఎముక అతకదన్న భయంతో మేమంతా ఆయనను వెల్లకిలా అలాగే ఉంచాం. రెండు వారాలు తిరగకుండానే నడుము కింద చర్మం నల్లబడి పుండు పడింది. జీవితమంతా బస్తాలు మోసి భుజాల మీద కాయలు కాసిన మనిషి చర్మం, పరుపు మీద కదలకుండా పడుకున్నందుకు చచ్చిపోయింది. బస్తా భుజం మీదికి ఎక్కుతుంది, దిగుతుంది. ఆ దిగినప్పుడు రక్తం మళ్లీ పారుతుంది. పరుపు ఒత్తిడి తక్కువే అయినా ఎడతెగనిది. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, చర్మానికి ఆహారం అందదు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని మాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. పాఠం చెప్పే నాకే ఆ పని తట్టలేదు.

పెదనాన్న నడుమునూ, అమ్మ మోకాలినీ పక్కపక్కన పెట్టుకొని చూసిన తర్వాతే నా అభిప్రాయం ఒక రూపానికి వచ్చింది. శరీరానికి హాని చేసేది వాడకమూ కాదు, వాడకపోవడమూ కాదు. ఆనడానికీ ఎత్తడానికీ మధ్య విరామం లేకపోవడం. ఎడతెగని బరువూ, ఎడతెగని విశ్రాంతీ రెండూ కణానికి ఆహారం అందే దారిని మూసేస్తాయి. “అరుగుదల” అన్న మాట మొదటిదాన్ని మాత్రమే చూపించి, రెండోదాన్ని మందుగా అంటగడుతుంది.

ప్రశ్నను మూసే మాట

ఈ మాట మీద నాకున్న మరో ఫిర్యాదు ఏమిటంటే, అది చెప్పగానే ఎవరూ మరో ప్రశ్న వేయరు. మా బడిలో పనిచేసే ఒక ఉపాధ్యాయినికి నలభై ఏళ్లు నిండకుండానే వేళ్ల కీళ్లు వాచి, పొద్దున్న లేచాక గంటసేపు పిడికిలి బిగిసేది కాదు. సుద్దముక్క పట్టుకోలేక బాధపడుతుంటే, అంట్లు తోమి తోమి కీళ్లు అరిగాయని చుట్టుపక్కలవారు తేల్చారు, ఆమె కూడా నమ్మింది. ఏడాది గడిచాక పరీక్ష చేయిస్తే కీళ్లవాతమని తేలింది. అది శరీర రక్షణ వ్యవస్థ తన సొంత కీళ్ల పొర మీదే దాడి చేసే జబ్బు, త్వరగా మందులు మొదలుపెడితే కీలు వంకరపోకుండా కాపాడుకోగల జబ్బు. ఆ ఏడాది ఆమెకు తిరిగి రాదు.

మా శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం గురించి కూడా ఈ సందర్భంలోనే తలుచుకోవాలి. ఎముక గట్టిదనానికి కావలసిన విటమిన్ డి మొదలయ్యేది చర్మంలోనే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు బాహ్యచర్మంలోని ఒక కొవ్వు పదార్థం దాని తొలి రూపంగా మారుతుంది. కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండంలో చివరి మార్పు జరిగితే తప్ప అది పనిచేసే రూపానికి రాదు. చర్మంతో మొదలై మూత్రపిండం మీదుగా ఎముకకు చేరే ఈ దారిలో ఏ మజిలీ దెబ్బతిన్నా ఎముక బలహీనపడుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బుతో ఊళ్లకు ఊళ్లు బాధపడుతున్నప్పుడు, అక్కడి మనిషి ఒళ్లు నొప్పులంటే, కాళ్లు లాగుతున్నాయంటే, “అరుగుదలే” అని పంపేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనవసరం లేదు. అరసవల్లి సూర్యనారాయణస్వామిని ఆరోగ్యం కోసం మొక్కుకొనే జిల్లాలో, మిగిలిన గుజ్జును దాచుకోవడానికి అమ్మ ఎనిమిది నెలలు ఎండ మొహం చూడకుండా ఉండిపోయిందన్నది కూడా నాకు ఆ తర్వాతే తట్టింది.

అమ్మకు ఆ మాట ఎందుకు కావాలి

ఇన్ని చెప్పినా, ఈ వాదంలో నాకు ఇంకా మింగుడుపడని చోటు ఒకటి ఉంది. “అరిగిపోయింది” అన్న మాట అమ్మకు దుఃఖంతో పాటు ఒక గౌరవాన్ని కూడా ఇచ్చింది. ఇంటికి ఎవరు వచ్చినా ఆమె ఆ ఎక్స్‌రేను దిండు కింది నుంచి తీసి చూపించేది. ఒక రోజు మా తమ్ముడితో, “మీయందరి కోసం అరగదీసినాను రా” అంది. యాభై ఏళ్ల చాకిరీకి ఆమె దగ్గరున్న ఒకే ఒక్క దస్తావేజు ఆ ఎక్స్‌రే. కూలికి వెళ్లినన్నాళ్లూ ఆమెను కూర్చోమన్నవారు లేరు, నడుం వాల్చమన్నవారు లేరు. మొదటిసారి ఒక డాక్టరు విశ్రాంతి తీసుకొమ్మన్నాడు, ఇంటిల్లిపాదీ ఆ మాటకు తలవంచింది. ఇప్పుడు నేను వెళ్లి “ఏమీ అరగలేదమ్మా, లేచి నడువు” అంటే, ఆ దస్తావేజును ఆమె చేతిలో నుంచి లాక్కున్నట్టు కాదా?

అందుకే అలా అనలేదు. గేదెల పని మరదలి దగ్గరే ఉండనిచ్చాం, పొలం పని మళ్లీ ఆమె నెత్తిన పెట్టలేదు. విశ్రాంతి ఆమె హక్కు, దానికి ఎక్స్‌రే సాక్ష్యం అవసరం లేదని తమ్ముడి చేతే చెప్పించాను. ఆ తర్వాత ఒక సాయంత్రం, నేను బళ్లో చెప్పాల్సి ఉండీ చెప్పని స్పాంజి సంగతి ఆమెకు చెప్పాను. కాలు ఆనినప్పుడు ఎలా నొక్కుకుంటుందో, ఎత్తినప్పుడు ఎలా పీల్చుకుంటుందో తడిబట్టతో చూపించాను. అమ్మ చాలాసేపు విని, “అయితే కట్టుకొయ్యకి కట్టీసి మేత ఎయ్యనేదన్నమాట” అంది.

మృదులాస్థి పోషణ గురించి నేను చదివిన వాటన్నిటిలోనూ ఇంత సూటి వాక్యం లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో గుజ్జు అన్న మాట పోయి మేత అన్న మాట వచ్చింది. విజయనగరంలో ఒక ఫిజియోథెరపిస్టు నేర్పిన మూడు కసరత్తులు ఆమె కుర్చీలో కూర్చొని చేస్తుంది: మోకాలు చాచి పది లెక్కపెట్టేదాకా నిలపడం, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. నడక అయిదు నిమిషాలతో మొదలై, ఇప్పుడు చెరువుగట్టు చివరి రావిచెట్టు దాకా వెళ్లింది. మోకాలు నయమైపోయిందని చెప్పను. ఎడమ మోకాలు కొన్ని రోజులు వాస్తూనే ఉంది, ఆ రోజుల్లో ఆమె తగ్గించి నడుస్తుంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా రెయిలింగు పట్టుకుంటుంది. ఎక్స్‌రే మళ్లీ తీయిస్తే సందు పెరిగి కనిపిస్తుందన్న ఆశ నాకు లేదు. కాని గోడ పట్టుకోకుండా మంచం మీద నుంచి లేస్తోంది.

మొన్న ఆదివారం ఊరు వెళ్లేసరికి అమ్మ ఇంట్లో లేదు. “మేతకెళ్లినాది వదినా” అంది మరదలు. అరగంటకు వచ్చి, అరుగు మీద కూర్చొని కాళ్లు చాపింది. బొటనవేలి మొదట్లో చర్మం కొంచెం గరుకుగా, పసుపు తిరిగి ఉంది. వేలితో తాకి చూశాను. అలవాటు కొద్దీ కొబ్బరినూనె సీసా అందుకోబోతే, అమ్మ కాలు వెనక్కి తీసుకొని, “రాయకు అమ్మీ, మళ్లీ మెత్తబడిపోతాది” అంది.